పచ్చిక కింది నేల

గోల్ఫ్ ఆటలో చివరి దెబ్బ అన్నిటికంటే మెత్తనిది. అంతదాకా వందల మీటర్లు గాలిలో ఎగిరివచ్చిన బంతిని గుంత దగ్గరికి చేరాక నేల మీద దొర్లిస్తారు. ఇలా దొర్లించడాన్ని పటింగ్ అంటారు. గుంత చుట్టూ నున్నగా కత్తిరించి ఉంచిన పచ్చికను గ్రీన్ అంటారు. ఆట మొత్తంలో సహనానికీ చూపుకూ అసలు పరీక్ష ఇక్కడే.

గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. 1891 నుంచి ఈ కొలత మారలేదు. బంతి వ్యాసం 42.67 మి.మీ.కు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములకు మించకూడదు. బంతి సరిగ్గా గుంత మధ్యగా వెళ్తోందనుకుందాం. అవతలి అంచును తాకేలోగా దాని సగం అంచుకంటే కిందికి దిగాలి, అంటే 21 మి.మీ. పైచిలుకు పడాలి. అంత దూరం పడటానికి పట్టే సమయం 0.066 సెకను. ఆ సమయంలో ముందుకు పోవడానికి బంతికి ఉన్న చోటు 87 మి.మీ. దూరాన్ని కాలంతో భాగిస్తే సెకనుకు 1.31 మీటర్లు వస్తుంది. మనిషి నింపాదిగా నడిచే వేగం కూడా దాదాపు ఇంతే. బంతి అంతకంటే వేగంగా వస్తే అంచును తాకి ఎగిరి పడితే పడాలి, లేకపోతే దాటిపోతుంది.

దెబ్బ ఎంత గట్టిగా కొట్టాలన్నది చేతికి సంబంధించిన విషయం. ఆ దెబ్బ తిన్న బంతి ఎక్కడ ఆగుతుందన్నది నేలకు సంబంధించిన విషయం. ఈ అధ్యాయం రెండోదాని గురించి.

పెరట్లో పటింగ్ గ్రీన్ వేసుకోవడం అమెరికా ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లోని ఫ్రిస్కోకే 2022లో అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం ప్రధాన కార్యాలయం తరలివచ్చింది. హైదరాబాద్ నుంచి వలసవెళ్లిన తెలుగు దంపతులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత అయ్యాడు. ఇక్కడ తెలంగాణలో గోల్ఫ్ అంటే గుర్తొచ్చేది గోల్కొండ నయాఖిల్లాను ఆనుకుని ఉన్న మైదానం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఈ ఆట ఇంకా కొత్తే. అయితే ప్లాస్టిక్ పచ్చిక మాత్రం తెలంగాణ పట్టణాల్లో బాక్స్ క్రికెట్ కోర్టులకూ, బాల్కనీలకూ, ఫంక్షన్ హాళ్లకూ ముందే చేరింది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఊళ్లో ఇల్లు కట్టించి, పెరట్లో 30 చదరపు మీటర్లు, మన లెక్కలో 36 గజాలు, గ్రీన్ కోసం వదలమన్నారనుకోండి. పాత వరంగల్ జిల్లా నుంచి 2016లో విడివడిన ఈ మూడు జిల్లాల నేల మీద, ఈ ఎండలో, ఈ వానలో అది నిలవాలంటే ఏం తెలియాలి?

బంతి ఎందుకు ఆగుతుంది

నున్నటి గ్రానైట్ బండ మీద వదిలిన గోలీ చాలా దూరం పోతుంది. అదే గోలీ దుప్పటి మీద నాలుగడుగులు కూడా పోదు. దొర్లే వస్తువు తన కింది మెత్తటి పొరను అడుగడుగునా నొక్కుకుంటూ పోతుంది. నొక్కడానికి శక్తి ఖర్చవుతుంది. వెనక ఆ పొర తిరిగి లేచేటప్పుడు ఆ శక్తిలో కొంతే వెనక్కి వస్తుంది, మిగతాది వేడిగా మారిపోతుంది. ఇలా శక్తి హరించుకుపోయేకొద్దీ బంతి నెమ్మదిస్తుంది. పోచ పొడవు, మందం, ఒత్తు, కింది నేల గట్టిదనం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

ఈ జోరును కొలిచే సాధనం స్టింప్‌మీటర్. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన అమెరికా ఓపెన్ పోటీలో గ్రీన్లు మరీ జారుడుగా ఉన్నాయని ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడికి అనిపించింది. అనిపించడం వేరు, అంకెల్లో చూపించడం వేరు. అందుకని ఆయన గాడి ఉన్న ఓ చెక్క పట్టీని తయారుచేశాడు. 1976లో అమెరికా గోల్ఫ్ సంఘానికి చెందిన ఫ్రాంక్ థామస్ దాన్ని అల్యూమినియంతో మెరుగుపరిచాడు. మూడడుగుల పట్టీ, మధ్యలో లోయలాంటి గాడి, ఒక కొసకు దగ్గరగా చిన్న నొక్కు. నొక్కులో బంతిని పెట్టి ఆ కొసను మెల్లగా ఎత్తితే సుమారు 20 డిగ్రీల వాలు దగ్గర బంతి తనంతట తానే కదులుతుంది. కింద నేలను తాకేసరికి ఎప్పుడూ ఒకే వేగం, సెకనుకు సుమారు 1.83 మీటర్లు. అక్కడినుంచి అది దొర్లిన దూరాన్ని అడుగుల్లో చెబుతారు. పదడుగులు పోతే గ్రీన్ వేగం పది. పెద్ద పోటీల్లో ఇది పన్నెండు కూడా దాటుతుంది.

సెకనుకు 1.83 మీటర్ల వేగంతో మొదలైన బంతి పదడుగుల్లో, అంటే 3.05 మీటర్లలో ఆగిందంటే, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు 0.55 మీటర్ల చొప్పున తగ్గిందని అర్థం. గురుత్వ త్వరణం 9.8తో పోలిస్తే ఇది చాలా చిన్నది. పచ్చిక పట్టు ఇంత బలహీనంగా ఉంటుంది కాబట్టే నేలలోని అతి చిన్న వాలు కూడా బంతి దారిని మార్చేయగలదు.

రెండు శాతం వాలు చేసే పని

మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు మన కంటికి దాదాపు కనిపించదు. బాత్రూంలో నీళ్లు పోవడానికి సుతారి ఇచ్చే వాలు ఇంచుమించు ఇంతే. దొర్లే బంతికి ఈ వాలు ఇచ్చే త్వరణం సెకను వర్గానికి 0.14 మీటర్లు. జారే వస్తువుకైతే 0.196 ఉండేది, కానీ బంతి తిరగడానికి కూడా కొంత బలం పోతుంది కాబట్టి ఏడింట ఐదు వంతులే మిగులుతుంది. ఎగువకు కొట్టినప్పుడు ఇది పచ్చిక పట్టుకు తోడవుతుంది, దిగువకు కొట్టినప్పుడు పట్టులోంచి తీసివేత అవుతుంది. ఫలితంగా సమతలంలో 3.05 మీటర్లు పోయే దెబ్బకే బంతి ఎగువకు 2.4 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, దిగువకు 4.1 మీటర్లదాకా పోతుంది. కంటికి ఆనని వాలు బంతి దూరాన్ని ఇంత మార్చేసింది.

వాలు 8 శాతానికి చేరితే పది వేగం ఉన్న గ్రీన్ మీద బంతి దిగువకు పోతూ ఇక ఆగదు. పన్నెండు వేగం ఉన్న గ్రీన్ మీదైతే ఆరున్నర శాతం చాలు. అందుకే గుంత చుట్టూ ఉన్న మీటరు మేర వాలును 2 లేదా 3 శాతం దాటనివ్వరు.

ఈ లెక్క మీ పెరట్లోనే పరీక్షించుకోవచ్చు. గాడి ఉన్న అల్యూమినియం ఛానెల్ ముక్క ఒకటి తీసుకుని, ప్రతిసారీ ఒకే ఎత్తు నుంచి బంతిని వదలండి. ఒకే గీత మీద అటు ఓసారి, ఇటు ఓసారి దొర్లించి రెండు దూరాలూ కొలవండి. రెండిటి లబ్ధాన్ని రెట్టింపు చేసి, రెండిటి మొత్తంతో భాగించండి. వాలు ప్రభావం తీసేస్తే ఆ నేల మీద బంతి పోయే అసలు దూరం అదే. పై దూరాలను ఇంకాస్త కచ్చితంగా, అంటే 2.43, 4.09గా వేసి చూస్తే తిరిగి 3.05 వస్తుంది.

గరిక నుంచి నైలాన్ దాకా

వినాయక చవితి పత్రిలో మనం వాడే గరికకు గోల్ఫ్ లోకంలో పెద్దపీట ఉంది. వేడి దేశాల గోల్ఫ్ గ్రీన్లలో ఎక్కువ భాగం గరిక జాతి సంకరాలే. అక్కడ దాన్ని బెర్ముడా గడ్డి అంటారు. నేలను పాకుతూ కణుపు కణుపుకూ వేళ్లు దింపే ఈ గడ్డి, ఎంత కొరిగినా మళ్లీ లేస్తుంది. గ్రీన్ మీద దీన్ని 3 మి.మీ. ఎత్తుకు, దాదాపు రోజూ కొయ్యాలి. అందుకు ప్రత్యేక యంత్రం కావాలి, రోజూ నీళ్లు కావాలి, ఎరువు కావాలి, తెగుళ్లు కనిపెట్టే మనిషి కావాలి. గోల్ఫ్ క్లబ్బుకు ఇది సాధ్యం, ఇంటి పెరటికి కష్టం. ఇంటి గ్రీన్లకు ప్లాస్టిక్ పచ్చిక రావడానికి ఇదే కారణం.

ఆ ప్లాస్టిక్ పుట్టుక గోల్ఫ్ కోసం కాదు. 1964లో అమెరికాలో ప్రావిడెన్స్ నగరంలోని మోజెస్ బ్రౌన్ స్కూల్లో మొన్సాంటో కంపెనీ నైలాన్ పచ్చిక పరిచింది. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అనే కప్పు ఉన్న స్టేడియం తెరిచారు. కప్పు పలకల్లోంచి వచ్చే వెలుగు ఆటగాళ్ల కళ్లలో పడుతోందని పలకలకు రంగు వేశారు. దాంతో ఎండ అందక లోపలి గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో మొన్సాంటో పచ్చిక వచ్చింది. స్టేడియం పేరు మీదే దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది.

ఆట నేల మారితే ఆటే మారిపోతుందని మన దేశానికి బాధాకరంగా తెలిసింది 1976లో. మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ హాకీ పతకం తెచ్చిన భారత్ ఆ ఏడాది ఏడో స్థానంలో నిలిచింది. మట్టి మైదానాల మీద, గడ్డి మీద నేర్చిన మణికట్టు విద్యకు, బంతి దూసుకుపోయే ఆ నున్నటి నేల కొత్త. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల నాటికి గచ్చిబౌలిలో సింథటిక్ హాకీ మైదానం సిద్ధమైంది. అంటే నేలను ఆటలో ఒక భాగంగా చూడటం మనకూ వచ్చింది.

పటింగ్ గ్రీన్‌కు ఇప్పుడు వాడేవి నైలాన్, పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్ పోచలు. నైలాన్ గట్టిది, తొక్కినా తిరిగి నిటారుగా లేస్తుంది, ఖరీదెక్కువ. పాలీప్రొపిలీన్ చవక, కానీ వంగితే వంగినట్టే ఉంటుంది, అందుకే పోచల మధ్య ఇసుక నింపి నిలబెడతారు. తోటకు వేసే పొడుగు పోచ కార్పెట్ మీద బంతి సరిగా దొర్లదు. గ్రీన్‌కు పోచ 12 నుంచి 15 మి.మీ. లోపు, చాలా ఒత్తుగా ఉండాలి. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణుగొలుసులను తెంపుతాయి. దాన్ని అడ్డుకునే రసాయనాలు పోచలోనే కలిపి ఉన్నాయో లేదో కొనేముందు తప్పక అడగాలి.

మూడు జిల్లాలు, పలు నేలలు

కార్పెట్ ఎక్కడ కొన్నా ఒకటే. నేల మాత్రం ఊరికో తీరు.

జనగామలోనూ మహబూబాబాద్‌లోనూ ఎక్కువగా కనిపించేది గ్రానైట్, నైస్ శిలలు చివికి ఏర్పడిన ఎర్రటి చల్క నేల. ఇందులో బంకపాలు తక్కువ, ఇసుకపాలు ఎక్కువ. ఉన్న బంక కూడా ఎక్కువగా కయోలినైట్ రకం. దాని పలకలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి కాబట్టి తడిస్తే పెద్దగా ఉబ్బదు. కొంచెం తవ్వితే మొరం తగులుతుంది, ఇంకాస్త కిందికి పోతే రాయి. పునాదికి ఇంతకంటే మంచి నేల అక్కర్లేదు.

భూపాలపల్లి వైపు భూగర్భమే వేరు. అది గోదావరి లోయ. బొగ్గు దొరికే ఇసుకరాయి పొరల ప్రాంతం, సింగరేణి గనుల ప్రాంతం. పత్తి పండే రేగడి కూడా అక్కడ ఉంది. రేగడిలోని మాంట్‌మోరిలోనైట్ పలకల మధ్యకు నీరు దూరగలదు. వానాకాలంలో నీరు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. అలాంటి నేల మీద నేరుగా గ్రీన్ వేస్తే, జూన్‌లో సరిచూసిన వాలు మరుసటి మే నాటికి ఉండదు. రెండు శాతం వాలు బంతిని ఎంత మార్చిందో చూశాం కదా. రేగడి ఒక్క ఏడాదిలో అంతకంటే ఎక్కువ తేడా తేగలదు. అందుకని అక్కడ రేగడిని కనీసం ఒక అడుగు లోతు తీసేసి మొరంతో నింపాలి. దాని మీద జియోటెక్స్‌టైల్ అనే గుడ్డ పరచాలి. ఇది నీటిని వదులుతుంది, మట్టిని ఆపుతుంది, పైన వేసే కంకర బురదలోకి దిగబడకుండా చూస్తుంది.

ఏ నేలైనా మొదటి పని తుంగను వేళ్లతో సహా తీసేయడం. తుంగ మొలక సూదిలా ఉంటుంది, ప్లాస్టిక్‌ను కూడా పొడుచుకుని పైకి వస్తుంది. పైపైన కోస్తే లాభం లేదు, మట్టిలోని గడ్డలను ఏరి పారేయాలి. అంచులకు చెక్క వాడకూడదు, చెదలు వదలవు. ఈ జిల్లాల్లో గ్రానైట్ ముక్కలకు కొదవలేదు, వాటితో అంచు కట్టుకుంటే తరతరాలుంటుంది.

కంకర, డస్ట్, దిమ్మిస

పది పదిహేను సెంటీమీటర్లు తవ్విన గోతిలో మొదట 20 మి.మీ. కంకర, దాని మీద 6 మి.మీ. చిప్స్, పైన క్రషర్ డస్ట్ వస్తాయి. 30 చదరపు మీటర్లకు 10 సెం.మీ. గట్టి పొర కావాలంటే దిమ్మిస కొట్టకముందు సుమారు 4 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. కొట్టాక అది మూడుకు దిగుతుంది. తగ్గిన ఆ ఘనపు మీటరంతా రాళ్ల మధ్య ఉన్న గాలి.

రాళ్లు ఒకే సైజువైతే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. పెద్దవాటి మధ్య చిన్నవి, చిన్నవాటి మధ్య ఇంకా చిన్నవి చేరితేనే పొర బిగుస్తుంది. యంత్రంతో విరిచిన రాయికి మొనలుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. నది గులకరాళ్లు గుండ్రంగా ఉండి జారిపోతాయి, అడుగు పొరకు అవి పనికిరావు.

దిమ్మిస కొట్టేముందు నీళ్లు చల్లాలి. ఎంత చల్లాలన్నదే మెలకువ. పొడిగా ఉంటే రేణువుల మధ్య రాపిడి ఎక్కువై దగ్గరికి రావు. మరీ తడిస్తే ఖాళీల్లో నీరు చేరి, ఎంత కొట్టినా నీరు నలగదు కాబట్టి పొర కుదించుకోదు. ఈ రెండిటి నడుమ ఒక తేమ దగ్గర సాంద్రత గరిష్ఠమవుతుందని 1933లో రాల్ఫ్ ప్రాక్టర్ అనే అమెరికన్ ఇంజినీరు ప్రయోగాలతో చూపాడు. ఆనకట్టలూ రోడ్లూ ఇప్పటికీ ప్రాక్టర్ పరీక్ష ప్రకారమే కడుతున్నారు. మానుకోట, అంటే మహబూబాబాద్ రైతు కల్లం చేసే తీరు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: నేల చెక్కి, నీళ్లు చల్లి, పదును చూసి, గుండుతో తొక్కించి, పేడతో అలికి, మిరపకాయ ఆరబోసినా వడ్లు నూర్చినా ఒక్క గింజ మట్టిలో కలవకుండా చేస్తాడు. పటింగ్ గ్రీన్ అడుగుకు కావలసింది అదే పదును, అదే ఓపిక.

పొర ఒక్కొక్కటీ 5 సెం.మీ. మించకుండా వేసి, ఒక్కోదాన్నీ విడిగా కొట్టాలి. అంతా ఒక్కసారే పోసి పైన కొడితే పైపొరే బిగుస్తుంది, కింద డొల్లగా మిగులుతుంది. మొదటి వానకు అక్కడే గుంట పడుతుంది. చివరి డస్ట్ పొరను పొడవాటి నిఠారైన బద్దతో లాగి, నూలుతాడు కట్టి, రసమట్టంతో సరిచూడాలి. బంతిని ఈ డస్ట్ మీదే దొర్లించి చూడండి. ఎక్కడ తడబడిందో అక్కడ సరిచేయడం ఇప్పుడైతే పది నిమిషాల పని. కార్పెట్ అతికించాక అదే పనికి మొత్తం పీకాలి.

కింది పొర విలువ ఈ ప్రాంతపు పాత సుతారులకు బాగా తెలుసు. భూపాలపల్లి పక్కనే, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న పాలంపేట రామప్ప గుడిని 1213 నాటి శాసనం ప్రకారం కాకతీయుల కాలంలో ఇసుక పునాది మీద కట్టారు. బరువును సమానంగా పంచే ఆ ఇసుక పరుపు గురించి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన సందర్భంలో ప్రపంచమంతా చెప్పుకుంది.

నీళ్ల దారి

2023 జూలై చివరి వారంలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 24 గంటల్లో 600 మి.మీ. దాటి వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు నీట మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఇనుప పట్టాలను నిలబెట్టేది కూడా కింది కంకరే అని ఆ దృశ్యం అందరికీ చూపించింది.

600 మి.మీ. వాన 30 చదరపు మీటర్ల మీద పడితే 18,000 లీటర్లు. మామూలు జోరువానకైనా గంటకు 20 మి.మీ. కురిస్తే 600 లీటర్లు. కార్పెట్ అడుగున చిల్లులు ఉంటాయి, అందులోంచి నీరు దిగుతుంది. దిగిన నీరు డస్ట్ దాటి, కంకర దాటి, నేలలోకి ఇంకాలి. చల్కలో సులువుగా ఇంకుతుంది. రేగడిలో ఇంకదు, కంకర గోయి కాస్తా నీళ్ల తొట్టి అవుతుంది.

పని మొదలుపెట్టేముందు ఒక పరీక్ష చేయండి. గ్రీన్ వేయాలనుకున్న చోట అడుగు లోతు గుంత తీసి, నీళ్లు నింపి ఇంకనివ్వండి. మట్టి బాగా తడిశాక మళ్లీ నింపి, గంటలో నీటిమట్టం ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. రెండు మూడు సెంటీమీటర్లు దిగితే కంకర పొర చాలు. సెంటీమీటరు కూడా దిగకపోతే అడుగున చిల్లుల పైపు వేసి, ఇంటి గోడకు దూరంగా ఉన్న ఇంకుడు గుంతలోకి వాలు ఇవ్వాలి. బోర్లు వందల అడుగుల లోతుకు పోయిన జనగామ లాంటి చోట ఆ నీటిని కాల్వలోకి వదలడం అన్యాయం.

పరచడం, గుంత, ఇసుక

వేడికి ప్లాస్టిక్ సాగుతుంది. పది మీటర్ల పాలీప్రొపిలీన్ ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 1 మి.మీ. పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో బిగించి మేకులు కొడితే రాత్రికి ముడుచుకుని అతుకులు తెగుతాయి. అందుకే రోలును రెండు గంటలు ఎండలో విప్పి మడతలు పోనిచ్చి, పొద్దు వాలాక అతికించాలి. రెండు ముక్కలు కలిపేటప్పుడు పోచల వాలు ఒకే దిక్కున ఉండాలి. పోచ వాలిన దిక్కుకు బంతి జోరుగా, ఎదురు దిక్కుకు మందంగా పోతుంది. దిక్కులు కలవకపోతే అతుకు దగ్గర బంతి వేగం మారిపోతుంది.

గుంతకు దొరికే కప్పును అడుగు పొరలోనే సిమెంటుతో నిలబెట్టాలి. లోతు 4 అంగుళాలకు తగ్గకూడదు, కప్పు పై అంచు నేల కంటే ఒక అంగుళం కిందికి ఉండాలి. అంచు పైకి తేలితే సరిగ్గా వచ్చిన బంతి కూడా తన్నుకుని వెళ్లిపోతుంది.

చివరిది ఇసుక. చదరపు మీటరుకు 10 నుంచి 15 కిలోల చొప్పున, మన గ్రీన్‌కు 300 నుంచి 450 కిలోలు. ఇక్కడ గుండ్రటి రేణువులే కావాలి, మొనదేలినవి పోచలను కోస్తాయి. మట్టి లేని, కడిగి ఆరబెట్టిన, జల్లించిన సన్న సిలికా ఇసుకను కొద్దికొద్దిగా చల్లుతూ గట్టి చీపురుతో ఎదురు దువ్వాలి. ఇసుక పోచలను నిటారుగా నిలబెడుతుంది, కార్పెట్‌ను బరువుతో అణచి ఉంచుతుంది, అడుగు గుడ్డకు ఎండ తగలనివ్వదు. గ్రీన్ వేగాన్ని పెంచాలన్నా తగ్గించాలన్నా సవరించేది ఈ ఇసుకనే. పొడి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. చల్లే కూలీ మూతికి తువ్వాలు సరిపోదు. మంచి మాస్కు కొనివ్వడం ఇంటి యజమాని బాధ్యత.

ఇసుకకు బదులు నల్లటి రబ్బరు గుళికలు మాత్రం వద్దు. మైదానాల్లో వాడే ఈ గుళికలు మట్టిలోకీ నీటిలోకీ చేరిపోతున్నాయని, యూరోపియన్ యూనియన్ 2023లో వాటిని సూక్ష్మ ప్లాస్టిక్ నిషేధం కిందికి తెచ్చింది. మార్చుకోవడానికి మైదానాలకు ఎనిమిదేళ్ల గడువిచ్చింది.

మే నెల ఎండ

మన ఎండాకాలంలో చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు 6 యూనిట్ల ఎండ శక్తి పడుతుంది. బతికున్న గడ్డి రోజుకు చదరపు మీటరుకు 5 లీటర్ల దాకా నీటిని ఆవిరిగా వదులుతుంది. లీటరు నీరు ఆవిరవడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతులు పోతుంది. అంటే పడిన వేడిలో సగానికి పైగా ఆవిరితో వెళ్లిపోతుంది. గడ్డి చల్లగా ఉండటంలోని కిటుకు ఇదే.

ప్లాస్టిక్ పోచకు ఆవిరి లేదు. పడిన ఎండలో చాలా భాగం దానిలోనే వేడిగా చేరుతుంది. 2002లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం తమ సింథటిక్ మైదానాన్ని కొలిచినప్పుడు, గాలి 37 డిగ్రీలున్న రోజున దాని ఉపరితలం 93 డిగ్రీలకు చేరింది. తారు నేల కూడా అంత కాగలేదు. అది రబ్బరు నింపిన మైదానం. ఇసుక నింపిన గ్రీన్ అంత కాగకపోయినా, మన మే నెలలో 60 డిగ్రీలు దాటడం కష్టం కాదు. 60 డిగ్రీల వేడి తగిలితే పసిపిల్లల అరికాళ్లు కొన్ని సెకన్లలోనే కాలతాయి. నీళ్లు చల్లితే చల్లబడుతుంది, ఆరగానే మళ్లీ వేడెక్కుతుంది. అద్దాల కిటికీల నుంచి ఎండ ఒకే చోటికి తిరిగి పడితే పోచ కరిగిపోవచ్చు కూడా.

నీటి లెక్క మాత్రం ప్లాస్టిక్‌కు అనుకూలం. అదే 30 చదరపు మీటర్లలో గడ్డి పెంచితే ఎండాకాలంలో రోజుకు 150 లీటర్లు పోయాలి. తాగునీటికే ట్యాంకర్ కోసం ఎదురుచూసిన వేసవులు గుర్తున్న ఊళ్లలో ఆ 150 లీటర్లకు విలువుంది. ఒకవైపు నీరు ఆదా, ఒకవైపు వేడి భారం. రెండింటినీ తూచే తీర్పు చెప్పాలి.

నా తీర్పు ఇది. వేసుకోవాలనుకుంటే పెరట్లో మూడో వంతుకు మించకుండా వేసుకోండి. పడమటి ఎండ తగలకుండా వేప నీడనో పందిరి నీడనో ఎంచుకోండి. గ్రీన్ చుట్టూ రెండు మూడడుగుల మేర గరికను పెంచండి. గ్రీన్ చుట్టూ గాలిని అది చల్లబరుస్తుంది, వాననీటిని నేలలోకి దించుతుంది, తక్కువ నీటితో బతుకుతుంది. మిగతా పెరటిని మట్టికీ చెట్లకూ వదలండి. ఖర్చులో పెద్ద వాటా కార్పెట్ మీద కాకుండా అడుగు పొర మీద పెట్టండి. పోచలు అరిగితే కొన్నేళ్లకు కార్పెట్ మార్చుకోవచ్చు, సరిగా వేసిన కంకర పొర మాత్రం ఎన్ని కార్పెట్లు మారినా ఉంటుంది. అమ్మేవాళ్లు పచ్చ రంగు నమూనాలు ముందు పెట్టినప్పుడు, అడుగున ఏ పొర ఎన్ని సెంటీమీటర్లు వేస్తారో, నీరు ఎటు పోతుందో కాగితం మీద రాయించుకోండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పలేని మనిషికి మీ పెరడు అప్పగించకండి.